హెడర్ మారిస్తే పవర్ పెరుగుతుందా?

రెజ్యూమెలో ‘హాబీస్: కార్లు, బైకులు’ అని రాశారా? అయితే కోర్ కంపెనీ ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న ఒకటి ఎదురుకావచ్చు: ‘స్పోర్ట్స్ కారుకు ఆఫ్టర్‌మార్కెట్ హెడర్ వేస్తే పవర్ పెరుగుతుందంటారు కదా, ఎందుకు?’ ‘పొగ ఫ్రీగా బయటకు పోతుంది సార్’ అని చెప్పి ఊరుకుంటే ఆ హాబీ లైను మీకేమీ సాయం చేయదు. ఐసీ ఇంజిన్స్, మెటలర్జీ, వెల్డింగ్, సెన్సర్లు, చివరికి మోటారు వాహనాల చట్టం వరకు నాలుగేళ్లు విడివిడిగా చదివినవన్నీ ఈ ఒక్క భాగం దగ్గర కలుస్తాయి. మెకానికల్, ఆటోమొబైల్ విద్యార్థులు దీన్ని ఒకసారి మొదటి నుంచి చివరి దాకా ఆలోచించి చూసుకోవడం మంచిది.

సిలిండర్ హెడ్ నుంచి కాలిన వాయువులను బయటకు తెచ్చే మొదటి భాగమే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గొట్టం విడిగా వచ్చి, కొంత దూరం పోయాక కలిస్తే దాన్ని హెడర్ అంటారు. ఆ విడి గొట్టాలు ప్రైమరీలు. కలిసే చోటు కలెక్టర్.

ఒక అసలు కేసు తీసుకుందాం. 2012లో వచ్చిన టయోటా 86, దాని కవల సుబారు బీఆర్‌జడ్. మన రోడ్ల మీద అరుదు కానీ అమెరికా, జపాన్‌లలో కుర్రాళ్లు ఎక్కువగా మోడిఫై చేసే కార్లలో ఇదొకటి. 1,998 సీసీ బాక్సర్ ఇంజిన్, బోర్ 86 మి.మీ., స్ట్రోక్ 86 మి.మీ., కంప్రెషన్ రేషియో 12.5. అమెరికా మోడల్‌కు కంపెనీ చెప్పిన పవర్ 7,000 ఆర్‌పీఎం వద్ద 200 హార్స్‌పవర్. కాగితం మీద బాగుంది. డైనో మీద పెట్టి టార్క్ గ్రాఫ్ గీస్తే మాత్రం సుమారు 3,500 నుంచి 4,500 ఆర్‌పీఎం మధ్య గీత కిందకు జారి మళ్లీ లేస్తుంది. దీన్నే ‘టార్క్ డిప్’ అంటారు. ఊళ్లో మామూలుగా నడిపేటప్పుడు ఇంజిన్ ఎక్కువగా తిరిగేది ఆ దగ్గర్లోనే. కాబట్టి ఈ కారు యజమానులు హెడర్ మార్చేది ఎక్కువగా గరిష్ఠ పవర్ కోసం కాదు, ఆ గుంత పూడ్చడానికి. మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ‘ఎంత పవర్?’ అన్నది సగం ప్రశ్నే. ‘ఏ ఆర్‌పీఎం దగ్గర?’ అనేది మిగతా సగం.

ఒక గొట్టం పొడవు టార్క్‌ను ఎలా మారుస్తుంది? ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే ఒక పీడన తరంగం ప్రైమరీలో పరుగెడుతుంది. కలెక్టర్ దగ్గర గొట్టం ఒక్కసారిగా వెడల్పవుతుంది కాబట్టి అక్కడి నుంచి తక్కువ పీడన తరంగం వెనక్కి తిరుగుతుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాస్త తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్ సమయానికి అది వాల్వ్ దగ్గరకు చేరిందా, మిగిలిన పొగను లాగేసి తాజా గాలిని లోపలికి రప్పిస్తుంది. వేళ తప్పి అధిక పీడనం వచ్చి చేరితే పొగ లోపలే ఉండిపోతుంది.

లెక్క వేసి చూడండి. వేడి వాయువులో ధ్వని వేగం సెకనుకు సుమారు 550 మీటర్లు అనుకుందాం. ప్రైమరీ పొడవు 0.7 మీటర్లయితే రానూపోనూ 1.4 మీటర్లు, అంటే దాదాపు 2.5 మిల్లీసెకన్లు. 6,000 ఆర్‌పీఎం వద్ద క్రాంక్ మిల్లీసెకనుకు 36 డిగ్రీలు తిరుగుతుంది. తరంగం తిరిగొచ్చేసరికి 90 డిగ్రీలు దాటింది. అదే 3,000 దగ్గర 45 డిగ్రీలే. గొట్టం అదే, తరంగం అదే, చేరే వేళ మాత్రం వేరు. ఏ హెడరూ అన్ని ఆర్‌పీఎంల దగ్గరా మేలు చేయలేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. పేపరు మీద ఈ నాలుగు లైన్ల లెక్క వేసి చూపించగలిగితే ఇంటర్వ్యూలో సగం పని అయిపోయినట్టే.

ఎంపిక కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. నాలుగు ప్రైమరీలు ఒకేచోట కలిసే 4-1 డిజైన్ సాధారణంగా పై ఆర్‌పీఎంలకు పనికొస్తుంది. ముందు జతలుగా కలిసి, తర్వాత ఒకటయ్యే 4-2-1 మధ్య ఆర్‌పీఎంలలో టార్క్‌ను పరుస్తుంది. ఈ బాక్సర్ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్ 1-3-2-4. ఒకే వైపున్న 1, 3 సిలిండర్లను కలపడం సులువే కానీ అవి ఒకదాని వెంట ఒకటి పేలతాయి. పల్స్‌లు సమాన దూరంలో రావాలంటే 1ని అవతలి వైపున్న 2తో, 3ని 4తో జత చేయాలి, అంటే గొట్టాలు ఇంజిన్ కింద అడ్డంగా దాటాలి. పాత సుబారుల ‘గుడగుడ’ శబ్దం అసమాన పొడవు గొట్టాల నుంచి వచ్చిందే. ఆ శబ్దం కోసమే అలాంటి హెడర్ కొనేవాళ్లున్నారు. కొనుక్కోవచ్చు, అది ఇష్టం. దాన్ని పర్ఫార్మెన్స్ అనకూడదు, అంతే.

‘ఇంజిన్‌కు కొంత బ్యాక్ ప్రెషర్ ఉండాలి’ అనే మాట మెకానిక్ షెడ్లలో తరచూ వినిపిస్తుంది. ఇంటర్వ్యూలో మాత్రం అనకండి. మరీ లావు గొట్టం వేస్తే కింది ఆర్‌పీఎంలలో టార్క్ తగ్గేది బ్యాక్ ప్రెషర్ పోయి కాదు, వాయువు వేగం పడిపోయి.

మెటీరియల్ విషయానికొస్తే 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ ఎక్కువగా వాడతారు. 409 చవక, పైన తుప్పు రంగు పడుతుంది. 304 వేడికి బాగా సాగుతుంది: 700 మి.మీ. గొట్టం 600 డిగ్రీలు వేడెక్కితే సుమారు 7 మి.మీ. పెరుగుతుంది. ఆ సాగుడుకు చోటివ్వకపోతే వెల్డింగ్ దగ్గర పగులు వస్తుంది. టిగ్ వెల్డింగ్ చేసేటప్పుడు గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపారా అని చూడాలి. లేకపోతే లోపలి వైపు లోహం మాడి గరుకుగా తయారవుతుంది.

బిగించే పనిలో ఓపికే ముఖ్యం. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ఈ కారులో ఎగ్జాస్ట్ పోర్టులు ఇంజిన్ అడుగున ఉంటాయి కాబట్టి పనంతా కింద నుంచే. జాక్ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందకు దూరవద్దు, జాక్ స్టాండ్లు తప్పనిసరి. పాత నట్లకు ముందే రస్ట్ ఆయిల్ కొట్టి నానబెట్టాలి. తొందరపడి తిప్పితే స్టడ్ విరిగి హెడ్‌లోనే ఉండిపోతుంది, అప్పుడు గంట పని రెండు రోజులు పడుతుంది. గ్యాస్కెట్లు కొత్తవే వాడాలి. నట్లన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత మధ్య నుంచి బయటకు వరసగా టార్క్ రెంచ్‌తో కంపెనీ చెప్పిన విలువకు బిగించాలి. కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక మళ్లీ చెక్ చేయాలి.

లీకు విషయంలో చాలామంది పొరపడతారు. ‘కొంచెం టిక్‌టిక్ సౌండే కదా’ అనుకుంటారు. ఎయిర్-ఫ్యూయల్ సెన్సర్‌కు ముందు చిన్న సందున్నా పల్స్‌ల మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్‌కు ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తుంది. పెట్రోలు తక్కువైందనుకుని ఈసీయూ ఇంకా పోస్తుంది. గొట్టంలో తప్పు, మైలేజీలో శిక్ష!

ఇక చట్టం. ఈ కారు ఫ్యాక్టరీ హెడర్‌లోనే మొదటి క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. మార్కెట్లో దొరికే చాలా హెడర్లలో అది ఉండదు. తీసేస్తే డ్యాష్‌బోర్డు మీద పీ0420 కోడ్‌తో లైటు వెలగొచ్చు. అసలు నష్టం అది కాదు, విషవాయువులు శుద్ధి కాకుండా బయటకొస్తాయి. అమెరికాలో ఇది క్లీన్ ఎయిర్ యాక్ట్ ఉల్లంఘన. కాలిఫోర్నియాలో అయితే ఆ భాగానికి అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉండాలి. ఎంఎస్‌కు వెళ్లి సెకండ్‌హ్యాండ్ 86 కొనాలనుకునేవాళ్లు ముందు ఆ నంబరు ఉందో లేదో చూసుకోండి. మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వాహనాన్ని కంపెనీ స్పెసిఫికేషన్ నుంచి మార్చకూడదంటుంది. 2019 సవరణ తర్వాత శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే సెక్షన్ 190(2) కింద మొదటిసారే రూ.10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు లేదా రెండూ పడొచ్చు. మోడిఫైడ్ సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించిన ఫొటోలు పేపర్లలో మీరూ చూసే ఉంటారు.

మరి ప్రాక్టీసు ఎక్కడ? సుప్రా ఎస్‌ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ లాంటి విద్యార్థి పోటీలున్నాయి. ఫార్ములా స్టూడెంట్ నిబంధనల ప్రకారం పెట్రోలు ఇంజిన్ 710 సీసీ మించకూడదు, గాలి 20 మి.మీ. రిస్ట్రిక్టర్ గుండానే పోవాలి, శబ్దానికీ పరిమితి ఉంది. మన టీముల్లో చాలా మంది కేటీఎం 390 ఇంజిన్ వాడతారు. ఒకే సిలిండర్ కాబట్టి నాలుగు గొట్టాలను కలిపే గొడవ లేదు, పొడవు, వ్యాసం లెక్క మాత్రం ఇదే. ఉద్యోగాలూ అటువైపే ఉన్నాయి: శారదా మోటార్, టెన్నెకో, ఫోర్వియా లాంటి ఎగ్జాస్ట్ తయారీ సంస్థలు, పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి టెస్టింగ్ కేంద్రాలు. ఈవీలకు ఎగ్జాస్ట్ లేదన్నది నిజమే, హైబ్రిడ్, సీఎన్‌జీ వాహనాలకు ఉంది. ఈ ఒక్క భాగాన్నే జీవితాంతం నమ్ముకోకుండా క్యాలిబ్రేషన్, ఎన్‌వీహెచ్, సిమ్యులేషన్‌లలో ఒకటి పట్టుకుంటే రేపు మారడానికీ వీలుంటుంది. టయోటా కూడా తర్వాతి తరం జీఆర్86లో ఇంజిన్‌ను 2.4 లీటర్లకు పెంచింది. దాని గరిష్ఠ టార్క్ వచ్చేది 3,700 ఆర్‌పీఎం దగ్గర, సరిగ్గా పాత గుంత ఉన్న చోట.

మీ టీమ్ ఎగ్జాస్ట్ మారిస్తే మార్చకముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఒకే డైనో మీద గ్రాఫ్ తీయించి దాచుకోండి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేసి ఇంటర్వ్యూకు పట్టుకెళ్లండి. టార్క్ ఎక్కడ పెరిగిందో చెప్పండి, ఎక్కడ తగ్గిందో కూడా వేలుపెట్టి చూపించండి. తర్వాతి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది.