కారు అదే, తొక్కే తీరు మారింది

మొన్న మార్చిలో ఒక ఆదివారం మావారు నెల ఖర్చులు చూసుకుంటూ, "నీ కారు గ్యాస్‌కే రెండొందల యాభై డాలర్లయింది. పాప కూచిపూడి క్లాసు వారానికి ఒక రోజు ఆన్‌లైన్‌లో పెట్టిద్దామా?" అన్నారు. ఆయన కోపంగా ఏమీ అనలేదు. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు, అడగడంలో తప్పూ లేదు. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మేముండేది కాలిఫోర్నియాలో, మౌంటెన్ హౌస్. క్లాసు డబ్లిన్‌లో. మధ్యలో ఆల్టమాంట్ కొండ దాటాలి. పోనూ రానూ నలభై మైళ్ల పైమాటే. వారానికి రెండుసార్లు. అయినా తప్పు పడిన అడుగును టీచరుగారు పక్కన నిలబడి దిద్దినట్టు కంప్యూటర్ తెర మీద దిద్దడం కుదరదు. పొద్దున్నే ఆయనతో చెప్పాను: "రెండు నెలలు టైమివ్వండి. క్లాసు ముట్టుకోకుండా గ్యాస్ తగ్గించి చూపిస్తాను."

అనేశాను గానీ, ఎలాగో తెలియదు. ఎం.పి.సి.తో బీఎస్సీ చేసినదాన్నే అయినా డిగ్రీ తర్వాత ఫిజిక్స్ పుస్తకం తెరిస్తే ఒట్టు. ముందు లెక్క మొదలుపెట్టాను. ట్యాంకు నిండా కొట్టించడం, పంపు మొదటిసారి క్లిక్‌మనగానే ఆపేయడం, ట్రిప్ మీటర్ సున్నా చేయడం. మళ్ళీ నింపినప్పుడు తిరిగిన మైళ్లను పట్టిన గాలన్లతో భాగించడం. మాది చిన్న ఎస్‌యూవీ. గాలన్‌కు 22 మైళ్లు వస్తోంది. నెలకు పదకొండు వందల మైళ్లు తిరుగుతున్నాను, అంటే 50 గాలన్లు.

గేర్లు మార్చేది మన పాదమే

ఆటోమేటిక్ కారులో గేర్లతో మనకు పనిలేదనుకుంటాం. నిజానికి ఏ గేరు వేయాలో కారు ఎక్కువగా మన పాదాన్ని చూసే నిర్ణయించుకుంటుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే "ఈవిడకు తొందరగా ఉంది" అనుకుని కింది గేర్లోనే ఎక్కువసేపు ఉంచి ఇంజన్‌ని అరిపిస్తుంది. మెత్తగా తొక్కితే త్వరగా పై గేర్లకు వెళ్ళిపోతుంది. అదే వేగం, తక్కువ తిరుగుళ్లు, తక్కువ గ్యాస్.

మామూలు ఆటోమేటిక్‌లో ఇంజన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ అని ఒకటి ఉంటుంది. రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా. ఇందులో గాలి బదులు నూనె. అలా తిప్పడంలో కొంత శక్తి వేడిగా పోతుంది. కారు నిలకడగా నడుస్తున్నప్పుడు లోపలి క్లచ్ రెండింటినీ కలిపి బిగించేస్తుంది, ఆ నష్టం పోతుంది. మనం ఊరికే తొక్కుతూ వదులుతూ ఉంటే ఆ బిగింపు మాటిమాటికీ ఊడిపోతుంది. పాదాన్ని నిలకడగా ఉంచమనేది అందుకే.

బ్రేకు తొక్కామంటే కొన్న గ్యాస్‌ను వేడి చేసి పారేసినట్టే

కారుకు వేగం ఇచ్చింది గ్యాస్. బ్రేకు వేస్తే ఆ శక్తి అంతా బ్రేకుల దగ్గర వేడిగా పోతుంది. అందుకని ఇప్పుడు నేను ముందు కారును కాకుండా దాని అవతలి సిగ్నల్ చూస్తున్నాను. అది ఎర్రగా ఉంటే ఇక్కడి నుంచే కాలు తీసేస్తాను. చాలాసార్లు నేను చేరేసరికి పచ్చ అవుతుంది, పూర్తిగా ఆగాల్సిన పనే ఉండదు. దూకుడుగా నడిపితే ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం, హైవే వేగాల్లో 15 నుంచి 30 శాతం మైలేజీ పోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది.

ఫ్రీవే మీద వేగం సంగతి కూడా చూడండి. గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 65లో వెళ్ళేవాళ్ళు 75కి వెళితే ఆ అడ్డు మూడో వంతు పెరుగుతుంది. పదిహేను మైళ్లలో మిగిలేది మాత్రం రెండు నిమిషాలు కూడా కాదు. నేనిప్పుడు కుడి లేనులో 65లో వెళుతున్నాను.

న్యూట్రల్ చేసి చావు తప్పించుకున్నాను

ఇది మాత్రం సిగ్గు విడిచి రాస్తున్నాను. మా నాన్న అంబాసిడర్‌లో పల్లం వస్తే చాలు, న్యూట్రల్ చేసేవారు. కార్బ్యురేటర్ బళ్ల కాలంలో ఆ లెక్కకు కొంత అర్థం ఉంది. అది గుర్తుండి రెండో వారంలో ఆల్టమాంట్ దిగుతూ నేనూ 'ఎన్'లో పెట్టాను. వేగం పెరుగుతూ పోయింది. ముందు ట్రక్కు బ్రేకు లైట్లు వెలిగాయి. పక్క లేనులోకి తప్పుకుందామని యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరిచింది గానీ కారు అందుకోలేదు. బ్రేకు మీద నిలబడ్డాను. వెనక సీట్లో పాప, "అమ్మా, ఏమైంది?" అంది. ఇంటికి వచ్చాక కూడా చేతులు వణికాయి.

తర్వాత చదివితే తెలిసింది, దాని వల్ల మిగిలేది కూడా ఏమీ లేదని. నేటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో 'డి'లోనే ఉంచి కాలు తీస్తే చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి, ఇంజెక్టర్లు గ్యాస్ ఆపేస్తాయి. 'ఎన్'లో పెడితే చక్రాల సాయం ఉండదు కాబట్టి ఇంజన్ తిరగడానికే గ్యాస్ కావాలి. పైగా ఇంజన్ బ్రేకింగ్ పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. పల్లంలో న్యూట్రల్‌లో వెళ్ళడం కాలిఫోర్నియాలో చట్టవిరుద్ధం కూడా. ట్రక్కు వెనక దగ్గరగా వెళితే గాలి తగలదు కదా అని కొందరంటారు, ఆ పనీ చేయకండి. పిల్లల కంటే గాలన్ ఎక్కువ కాదు.

కొండ ఎక్కేటప్పుడు కుడి లేనులో ఉండి, వేగం నాలుగైదు మైళ్లు తగ్గితే తగ్గనిస్తాను. క్రూయిజ్ కంట్రోల్ చదునుగా ఉన్నచోట మంచిదే. ఎక్కేచోట మాత్రం అదే వేగం పట్టుకోవాలని గేరు దించి ఇంజన్‌ని తోస్తుంది.

ఇంటి దగ్గర చేసుకునేవి

టైర్ల గాలి నెలకోసారి, కారు నడపకముందు చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసి ఉండేది గరిష్ఠ పరిమితి, అది కాదు. హెచ్చరిక లైటు వెలిగేసరికి పాతిక శాతం గాలి తగ్గి ఉండొచ్చు, దాని కోసం ఆగకండి.

స్కూలు పికప్ లైనులో ఇంజన్ ఊరికే తిరుగుతుంటే గంటకు పావు నుంచి అర గాలన్ పోతుంది. నీడలో ఆపి, పార్కులో పెట్టి, ఇంజన్ ఆపేస్తున్నాను. ఎండ మరీ మండే రోజు, పిల్లలు లోపల ఉంటే ఏసీ వేసే ఉంచుతాను, అందులో పీనాసితనం లేదు. కారు ఎండలో ఉడికి ఉంటే ముందు అద్దాలు దించి వేడి బయటకు పోనిచ్చి, ఆ తర్వాత ఏసీ వేస్తాను. ఊళ్ళో నెమ్మదిగా వెళ్ళేటప్పుడు అద్దాలు, ఫ్రీవే మీద ఏసీ.

వెనక డిక్కీలో నెలల తరబడి తిరుగుతున్న బియ్యం బస్తా, మడత కుర్చీలు దించేశాను. వంద పౌండ్ల బరువుకు ఒక శాతం మైలేజీ పోతుంది. కారు పైన సామాన్ల పెట్టె ఉంటే, పని లేనప్పుడు తప్పక తీసేయండి. ఫ్రీవే మీద దాని నష్టం బరువు కంటే చాలా ఎక్కువ. కారు పుస్తకంలో అవసరమని రాస్తే తప్ప ప్రీమియం గ్యాస్ కొట్టించక్కర్లేదు.

రెండు నెలలయ్యాక పుస్తకం మావారి ముందు పెట్టాను. గాలన్‌కు 26 మైళ్లు. నెలకు దాదాపు ఎనిమిది గాలన్లు తగ్గింది, మా దగ్గరి ధరకు నలభై డాలర్ల లోపు. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఉద్యోగం చేయడానికి అనుమతి లేని వీసా మీద ఇన్నేళ్లుగా ఇంట్లో ఉన్న నాకు, ఇది నేను సంపాదించినట్టే అనిపించింది. ఆయన లెక్క రెండుసార్లు చూసి, "క్లాసు రెండు రోజులూ ఉంచు" అన్నారు. కాసేపాగి, "నా కారుకీ ఇలా రాస్తావా?" అన్నారు. "రాస్తాను గానీ, మీరు ముందు 75 నుంచి దిగాలి" అన్నాను.

మీరూ ఈసారి ట్యాంకు నింపినప్పుడు ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మొదటి నెల ఏమీ మార్చకుండా లెక్క మాత్రం రాయండి. మార్పులన్నీ రెండో నెలలో మొదలుపెట్టొచ్చు.