పాట పాటకూ మారుతున్న మోత
మైకు సెట్ల వారికి తిప్పలు, ఊరివారికి తలనొప్పి

గ్రామాల్లో పెళ్లిపందిరి వద్దనో, రామాలయం వద్దనో మైకు వేసినప్పుడు పాట మారినప్పుడల్లా మోత కూడా మారిపోవడం ప్రజలకు ఇబ్బందిగా తయారైంది. ఘంటసాల పాట పందిరి చివరి వారికి వినబడడం లేదని శబ్దం పెంచుతారు. ఆ వెనుకనే వచ్చే కొత్త సినిమా పాటకు వీధి వీధంతా అదిరిపోతుంది. పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలు పుస్తకాలు మూస్తారు. మైకు కుర్రవాడు ఆంప్లిఫైయరు వద్దకు పరుగెత్తేలోగా పెద్దల చేత చీవాట్లు తప్పడం లేదు.

గ్రామఫోను రోజుల్లో ప్రతి పాటకూ ప్లేటు మార్చవలసి ఉండేది గనుక మనిషి సెట్టు పక్కనే ఉండేవాడు. ఇప్పుడు పెన్‌డ్రైవులో వందలాది పాటలు నింపి, సెట్టుకు తగిలించి భోజనానికి వెళుతున్నారు.

ఎందుకీ తేడా?

పాత పాటలు రికార్డుల నుంచి, టేపుల నుంచి వేర్వేరు చోట్ల వేర్వేరు మట్టాల్లో కంప్యూటరులోకి ఎక్కాయి. 1990ల నుంచి వస్తున్న పాటల్లో చిన్న శబ్దాలను సైతం పెద్ద శబ్దాలకు దగ్గరగా పెంచి రికార్డు చేయడం ఎక్కువైంది. ఈ రెండు రకాలూ ఒకే పెన్‌డ్రైవులో కలవడం వల్లనే ఈ చిక్కు వస్తున్నది.

దీనివల్ల నష్టం చెవులకు మాత్రమే కాదు. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి సుమారు రెట్టింపు మోతగా తోస్తుంది. కాని ఆంప్లిఫైయరు మీద పడే భారం 10 రెట్లు. పాత పాటకు 10 వాట్లు ఇస్తున్న సెట్టు, 10 డెసిబెల్స్ గట్టి పాట రాగానే 100 వాట్లు ఇవ్వవలసి వస్తుంది. హారన్ యూనిట్ అంత శక్తికి తట్టుకొనేది కాకపోతే లోపలి తీగచుట్ట కాలిపోతుంది.

మార్గం ఉన్నది

పాటల మోతను మనిషి చెవికి తోచే తీరులో కొలిచి సరిచేసే 'రీప్లే గెయిన్' పద్ధతిని డేవిడ్ రాబిన్సన్ 2001లో ప్రతిపాదించారు. పాటలోని అతి పెద్ద శబ్దాన్ని ఒక్కదానినే చూసి కొలవడం, చేలో ఒక్క పొడుగు కంకిని చూసి దిగుబడి చెప్పడం వంటిది. ఈ పద్ధతి పాట మొత్తాన్ని పరిశీలిస్తుంది.

దీని ఆధారంగా తయారైన 'ఎంపీత్రీ గెయిన్' అనే ప్రోగ్రాం కంప్యూటరులో ఉచితంగా లభిస్తుంది. పాటలన్నింటినీ అందులో వేసి ముందు కొలిపించాలి, తర్వాత సరిచేయించాలి. అది ఫైలులోనే 1.5 డెసిబెల్స్ మెట్ల చొప్పున మట్టాన్ని మారుస్తుంది గనుక ఏ సెట్టులో పెట్టినా పని చేస్తుంది. పాటను మళ్లీ రికార్డు చేయదు గనుక నాణ్యత చెడదు. అయినా అసలు పాటల నకలు వేరుగా దాచుకోవడం మంచిది.

ప్రోగ్రాంలో మామూలుగా ఉండే మట్టం 89. చాలా కొత్త పాటలు తగ్గినట్లు తోస్తాయి. ఆంప్లిఫైయరు మీటను ఒక్కసారి సర్దుకుంటే చాలు. మోత కోసం 89ని బాగా పెంచితే పాట పగిలినట్లు వినబడుతుంది. సినిమా పాటలకు 'ట్రాక్' పద్ధతి, ముక్కలుగా ఉన్న ఘంటసాల భగవద్గీత, హరికథ వంటి వాటికి 'ఆల్బం' పద్ధతి వాడాలి. అప్పుడు వాటిలోని సహజమైన హెచ్చుతగ్గులు చెడిపోవు.

నిబంధనలు మరువరాదు

ఈ 89 అంకె వీధిలో వినబడే మోతకు కొలత కాదని గమనించాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌కు మించరాదు. మైకుకు రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట మైకు వేయరాదు.

పెళ్లిళ్లకు, జాతరలకు సెట్లు కట్టేవారు ముందురోజే పాటలను సరిచేసుకుంటే యూనిట్లు కాలే బెడద తగ్గుతుంది, ఊరివారికీ ఊరట కలుగుతుంది. ఆలయ కమిటీలు, పెళ్లివారు సెట్టు మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతి అడగడం అవసరం.