సర్వర్లకు ప్యాచ్‌లు: వేసినదానికి లెక్క ఉంటేనే రక్షణ

2014 సెప్టెంబరు 24న ప్రపంచవ్యాప్తంగా సర్వర్ల నిర్వాహకులను ఒక హెచ్చరిక ఉలిక్కిపడేలా చేసింది. యూనిక్స్ తరహా కంప్యూటర్లలో మనిషి టైపు చేసే ఆదేశాలను అమలు చేయించే 'బాష్' అనే ప్రోగ్రామ్‌లో తీవ్రమైన లోపం ఉన్నట్లు ఆ రోజు వెల్లడైంది. యూనిక్స్ నిపుణుడు స్టెఫాన్ షాజెలాస్ దీనిని కనుగొన్నారు. 'షెల్‌షాక్'గా పేరుపడిన ఈ లోపం 1989 నుంచి, అంటే పాతికేళ్లపాటు, ఆ ప్రోగ్రామ్‌లోనే దాగి ఉంది.

బాష్ తనకు అందే కొన్ని వివరాలను సమాచారంగా మాత్రమే స్వీకరించాలి. అయితే ఆ వివరాల చివర ఎవరైనా ఒక ఆదేశాన్ని జోడిస్తే, దానినీ అమలు చేసేది. కొన్ని వెబ్ సర్వర్లు బయటి నుంచి వచ్చే వివరాలను బాష్‌కు చేరవేస్తాయి. దీంతో ఎక్కడో ఉన్న అపరిచితుడు పాస్‌వర్డ్ లేకుండానే ఆ సర్వర్‌చేత తాను కోరిన పని చేయించగలిగే ప్రమాదం ఏర్పడింది.

అదే రోజు ప్యాచ్ కూడా విడుదలైంది. చిరిగిన వస్త్రానికి అతుకు వేసినట్లు, ప్రోగ్రామ్‌లో లోపమున్న భాగాన్ని మాత్రమే సరిచేసే సవరణను ప్యాచ్ అంటారు. కానీ ఆ తొలి ప్యాచ్ అసంపూర్ణమని వెంటనే తేలింది. తర్వాతి కొద్ది రోజుల్లో మరికొన్ని ప్యాచ్‌లు వెలువడ్డాయి. ఈలోగా దాడులూ మొదలయ్యాయి. మొదటి ప్యాచ్ వేసి పని పూర్తయిందని భావించిన చోట ముప్పు అలాగే మిగిలింది. ఏ యంత్రంలో ఏ ప్యాచ్ ఉందో లెక్క ఉన్నవారు మాత్రమే తర్వాత ఏమి చేయాలో వెంటనే తేల్చుకోగలిగారు.

ఈ లెక్క కోసం యూనిక్స్ వ్యవస్థల్లో పకడ్బందీ పద్ధతులు చాలాకాలంగా ఉన్నాయి. సన్ మైక్రోసిస్టమ్స్ రూపొందించిన సొలారిస్ 10లో ప్రతి ప్యాచ్‌కూ ఆరంకెల సంఖ్య, దాని పక్కన మరో రెండంకెలు ఉంటాయి. చివరి రెండంకెలు 01 నుంచి 02కు మారితే, అదే ప్యాచ్‌కు సవరించిన కూర్పు వచ్చిందని అర్థం. 'ప్యాచ్‌యాడ్' అనే ఆదేశంతో దానిని వేస్తారు. బెడిసికొడితే 'ప్యాచ్‌ఆర్ఎం'తో తొలగిస్తారు. అందుకు వీలుగా పాత ఫైళ్లను యంత్రం ముందే భద్రపరుస్తుంది.

ఐబీఎం వారి ఏఐఎక్స్‌లో సవరణను తొలుత తాత్కాలికంగా అమర్చి, కొన్నాళ్లు పరిశీలించి, ఆ తర్వాతే ఖాయం చేసే వీలుంది. 2011లో వచ్చిన సొలారిస్ 11 మరో అడుగు ముందుకు వేసింది. నడుస్తున్న వ్యవస్థకు నకలు తీసి, ప్యాచ్‌లను ఆ నకలులో వేయవచ్చు. కొత్తది మొరాయిస్తే పాతదానితోనే యంత్రాన్ని మళ్లీ ప్రారంభించవచ్చు.

వెనక్కి మళ్లే దారికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, తొందరపాటు, జాప్యం రెండూ నష్టదాయకమే. పరీక్షించకుండా వేసిన ప్యాచ్ వల్ల బ్యాంకు లావాదేవీలో, ఆసుపత్రి రికార్డులో నిలిచిపోవచ్చు. అలాగని వాయిదా వేస్తే, ప్రకటించిన లోపం దాడిచేసేవారికి దారి చూపుతుంది. అందుకే నిపుణులు ముందుగా ఒక ప్రయోగ యంత్రంపై ప్యాచ్‌ను పరీక్షిస్తారు. తర్వాత ప్రాధాన్య క్రమంలో మిగతావాటికి విస్తరిస్తారు.

చివరి దశ తనిఖీ. డిస్కులోని ఫైలు మారినా, అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్ మెమరీలో పాత రూపంలోనే కొనసాగవచ్చు. ఆ సేవను ఆపి తిరిగి ప్రారంభించాలి. వ్యవస్థకు కేంద్రమైన కెర్నల్ మారితే సాధారణంగా యంత్రాన్నే పునఃప్రారంభించాలి. ఈ ఒక్క పని మరచిపోతే, కాగితంపై ప్యాచ్ వేసినట్లు ఉంటుంది, లోపం మాత్రం తెరిచిన తలుపులా మిగిలిపోతుంది.

భారతదేశంలో 2004 నుంచి పనిచేస్తున్న సెర్ట్-ఇన్ సంస్థ ఇటువంటి లోపాలపై ఎప్పటికప్పుడు హెచ్చరికలు జారీ చేస్తోంది. అయితే హెచ్చరిక అందాక ఆ లోపం తమ యంత్రాల్లో ఎన్నింటిలో ఉందో చెప్పవలసింది ఆయా కార్యాలయాలే. నిర్వహణ పనుల వల్ల అర్ధరాత్రి కొద్దిసేపు సేవలు ఉండవని బ్యాంకులు పంపే సందేశం ఖాతాదారులకు చికాకు కలిగించవచ్చు. చాలాసార్లు ఆ విరామంలో జరిగేది వారి సొమ్ముకు, సమాచారానికి కాపలా కాసే ఈ పనే.