ఎనిమిది దిక్కుల జాయ్‌స్టిక్‌ను నాలుగు దిక్కులకు మార్చుకున్న విధం

ఈసారి వార్షికోత్సవానికి హాస్టల్‌కు ఏదైనా ఇద్దామని పాత విద్యార్థులం కొందరం చందాలు వేసుకున్నాం. విశాఖపట్నంలో మూతపడిన ఒక వీడియో గేమ్ షాపు నుంచి పాత మిషను ఒకటి కొని, కూరగాయలు దించి ఖాళీగా వస్తున్న వ్యానులో ఘాట్ రోడ్డు ఎక్కించి అరకు తెచ్చాం. అందులోని ఆట ప్యాక్-మ్యాన్. 1980లో జపాన్ కంపెనీ నామ్కో తెచ్చింది. పసుపు రంగు గుండ్రటి బొమ్మ సందుల్లో చుక్కలు తింటూ దయ్యాల నుంచి తప్పించుకుంటుంది.

మొదటి సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక పిల్లలు వరస కట్టారు. ఏడో తరగతి తమ్ముడొకడు మలుపు దగ్గర జాయ్‌స్టిక్ పైకి తోశాడు. బొమ్మ తిరగకుండా నేరుగా పోయి దయ్యానికి దొరికింది. మూడుసార్లూ అంతే. వెనకాల అందరూ నవ్వారు. "నాకు రాదులే అన్నా" అని వాడు వెళ్లి ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు. తరవాత మేం ఆడితే మేమూ అదే మలుపులో పోయాం. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. "నాకు రాదు" అని మేమూ చాలాసార్లు అనుకున్నవాళ్లమే. అందుకని ముందు మిషను విప్పి చూద్దామనుకున్నాం.

జాయ్‌స్టిక్ కాడ చుట్టూ నాలుగే స్విచ్‌లుంటాయి. పైకి, కిందికి, ఎడమకు, కుడికి. మరి ఎనిమిది దిక్కులెలా వస్తాయి? కాడను మూలకు తోస్తే పక్కపక్క స్విచ్‌లు రెండూ ఒకేసారి నొక్కుకుంటాయి. అదే ఏటవాలు దిక్కు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్-2 లాంటి కొట్లాట ఆటల్లో ఏటవాలుగా దూకాలి కాబట్టి అది కావాలి. ప్యాక్-మ్యాన్‌లో ఏటవాలు సందే లేదు. మన పులి-మేక ఆటలో గీత లేనిచోట కాయ కదలనట్టే. ఒకసారి ఒకే స్విచ్ వస్తుందన్న లెక్కతో రాసిన ప్రోగ్రాం అది. రెండూ వస్తే ఒకదాన్నే తీసుకుంటుంది. అది మనం కోరింది కాకపోవచ్చు. ఈ మిషనుకు అసలు జాయ్‌స్టిక్ విరిగితే ఎవరో ఎనిమిది దిక్కులది బిగించినట్టుంది.

కాడ ఎంతదాకా కదలాలో నిర్ణయించేది అడుగున ఉండే ప్లాస్టిక్ ప్లేటు. దానికి నలుచదరపు రంధ్రం ఉంటుంది. ప్లేటు విప్పి 45 డిగ్రీలు తిప్పి బిగిస్తే రంధ్రం గాలిపటంలా నిలుస్తుంది. దాని కొసలు నాలుగు దిక్కులకు వస్తాయి, మూలల్లో గోడ అడ్డుపడుతుంది. చాలా జాయ్‌స్టిక్‌లకు ఇంతే చాలు. మాకు చాలలేదు. తప్పులు తగ్గాయిగానీ పోలేదు.

అప్పుడు జామెట్రీ బాక్సు స్కేలు తీశాం. కాడ మందం 10 మి.మీ., రంధ్రం భుజం 19. అంటే తిప్పకముందు నడిమి నుంచి ఏ పక్కకైనా కాడ 4.5 మి.మీ. జరుగుతుంది. స్విచ్ టక్కుమనేది 3 మి.మీ. దగ్గర. ఇక గాలిపటం లెక్క చూడండి. అందులో కాడ పక్కకు జరిగింది, పైకి జరిగింది కలిపితే ఒక హద్దు దాటదు. 4.5ను రూట్ 2తో హెచ్చిస్తే ఆ హద్దు 6.36. రెండు స్విచ్‌లూ నొక్కుకోవడానికి 3, 3 కలిపి 6 చాలు. దొంగ దూరడానికి ఆ కాస్త సందు మిగిలింది! భుజం 18 చేస్తే జరిగేది 4, హద్దు 5.66. ఇక 6 అందదు. నేరుగా తోస్తే మాత్రం 3 దగ్గర ఎప్పటిలాగే టక్కుమంటుంది. పదో తరగతిలో రూట్ 2 ఎందుకురా అని తిట్టుకున్నది గుర్తొచ్చింది.

తక్కువ కావలసింది ఒక్క మిల్లీమీటరు. రంధ్రం లోపలి అంచులకు ఇన్సులేషన్ టేపు నాలుగేసి పొరలు అంటిస్తే సరిపోయింది, కానీ రెండు రోజుల్లో చిరిగింది. చివరికి పాత స్విచ్‌బోర్డు హైలమ్ షీటు ముక్కతో కొత్త ప్లేటు కోశాం. ఆకురాయి పట్టి అంచులు రాసింది ట్రంకుపెట్టె మీద కూర్చున్న తమ్ముడే. మాకంటే ఓపికగా రాశాడు. ఇప్పుడు కాడ కొసలోకి జారినప్పుడు దిక్కు చేతికే తెలుస్తుంది.

కంప్యూటర్లో ఆడేవాళ్లకు ప్లేటు కోయకుండా ఇంకో దారుంది. 1997 నుంచి ఉన్న మేమ్ అనే ప్రోగ్రాం, నాలుగు దిక్కుల ఆటల్లో రెండు స్విచ్‌లు వస్తే ఒకదాన్నే ఎంచుకుంటుంది. అయితే ఆ ఎంపిక చేతికి తెలియదు. మాకు ప్లేటే నచ్చింది.

నష్టమూ ఉంది. ఈ ప్లేటుతో కొట్లాట ఆటలు ఆడలేం. కాడ నేరుగా ఎక్కువ దూరం పోతుంది కాబట్టి స్విచ్‌ల మీద ఒత్తిడి కూడా పెరుగుతుంది, గట్టిగా గుద్దకండి. పాత ప్లేటును మిషను లోపలే సంచిలో కట్టి ఉంచాం. నాలుగు స్క్రూలు, పది నిమిషాల పని. స్క్రూడ్రైవర్ స్టోర్‌రూం తాళాల గుత్తికే ఉంది, మళ్లీ అక్కడే పెట్టండి.