చార్టు నుంచి తెరకు: ప్రాథమిక తరగతిలో ఉచిత డిజైన్ పరికరాలు

గోడపత్రిక, చార్టు, అట్టముక్కలతో కట్టిన నమూనా తెలుగునాట ప్రాథమిక పాఠశాలలకు కొత్తవి కావు. చదివినదాన్నీ చూసినదాన్నీ పిల్లలు తమ చేతులతో ఒక రూపంలో పెట్టినప్పుడు, వాళ్లకు ఏది అర్థమైందో, ఏది అర్థం కాలేదో ఉపాధ్యాయుల కంటికి స్పష్టంగా కనబడుతుందన్న ఎరుకే వాటి వెనక ఉంది. గత పదిహేనేళ్లలో ఈ పనికి కంప్యూటర్ తెర కూడా తోడైంది. బ్రౌజర్‌లోనే, అంటే ఇంటర్నెట్ చూడటానికి వాడే మామూలు ప్రోగ్రాంలోనే, విడిగా ఏ సాఫ్ట్‌వేరూ కొనకుండా అక్షరాలనూ బొమ్మలనూ రంగులనూ అమర్చుకునే వీలు కల్పించే వాటిని ఆన్‌లైన్ డిజైన్ పరికరాలు అంటున్నారు. కాన్వా, అడోబ్ ఎక్స్‌ప్రెస్, గూగుల్ స్లైడ్స్ వంటివి పోస్టర్లకూ చిన్న పుస్తకాలకూ పనికొస్తే, టింకర్‌క్యాడ్ పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ఘన వస్తువుల రూపకల్పనకు పనికొస్తుంది. ఖర్చు లేకపోవడం, చేసిన పని అచ్చేసినంత అందంగా కనబడటం వీటి ఆకర్షణ. కానీ చిన్న తరగతుల్లో వీటి ప్రయోజనాన్ని ఆ అందంతో కొలవడం కుదరదు. తయారైన పుట మీద ఎన్ని నిర్ణయాలు పిల్లలవి, ఎన్ని యంత్రానివి అన్న లెక్కే అసలు కొలమానం.

మీటల చదువు తగ్గిన తీరు

ఈ పరికరాల్లో ఎక్కువ ప్రచారం పొందిన కాన్వా పుట్టుకకు బడితో దగ్గర సంబంధం ఉంది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో విశ్వవిద్యాలయ విద్యార్థులకు డిజైన్ సాఫ్ట్‌వేర్లు నేర్పిన మెలనీ పెర్కిన్స్, ఏ మీట ఎక్కడుందో తెలుసుకోవడానికే వాళ్ల కాలమంతా చెల్లిపోవడం గమనించి, 2007లో క్లిఫ్ ఓబ్రెక్ట్‌తో కలిసి ఫ్యూజన్ బుక్స్ అనే చిన్న సంస్థను ప్రారంభించారు. పాఠశాలలు ఏటా వేసుకునే జ్ఞాపికా సంచికలను ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఆన్‌లైన్‌లో తామే కూర్చుకునే ఏర్పాటు అది. ఆ అనుభవం మీదనే, కెమరాన్ ఆడమ్స్ కూడా చేరాక, 2013లో కాన్వా వెలువడింది. 2019లో పాఠశాలల కోసం ప్రత్యేకంగా ఉచిత రూపం వచ్చింది.

ఈ చరిత్రలో ఉపాధ్యాయులకు పనికొచ్చే పాఠం ఒకటుంది. మౌస్‌తో పట్టి లాగి, కావలసిన చోట వదిలే పద్ధతి వల్ల మీటలు నేర్చుకునే కాలం బాగా తగ్గింది గనుక, మిగిలిన ఆ కాలాన్ని దేనికి వెచ్చించాలన్న ప్రశ్న తరగతిలో తప్పనిసరిగా లేస్తుంది. వంద రంగుల్లోంచి ఒక రంగునూ, వేల బొమ్మల్లోంచి ఒక బొమ్మనూ వెతకడానికే అది ఖర్చయిపోతే, పాత సాఫ్ట్‌వేరు మింగిన కాలాన్నే కొత్త సాఫ్ట్‌వేరు మరో దారిలో మింగినట్టవుతుంది.

టెంప్లేట్ దాచే పొరపాటు

టెంప్లేట్ అంటే ముందే గీసిపెట్టిన నమూనా పుట. శీర్షిక ఎక్కడ రావాలో, బొమ్మ ఎంత ఉండాలో, రంగులు ఏవో ఎవరో ఒక నిపుణులు నిర్ణయించి ఉంచగా, వాడేవారు మాటలు మాత్రం మార్చుకుంటారు. పెళ్లి శుభలేఖకో దుకాణం ప్రకటనకో ఇది ఎంతో సౌకర్యం. తరగతి గదిలో మాత్రం దీని ప్రభావం వేరుగా ఉంటుంది.

నాలుగో తరగతి పిల్లలు నీటి చక్రం మీద పోస్టర్ చేస్తున్నారనుకుంటే, నాలుగు బాణాలు గుండ్రంగా తిరిగే టెంప్లేట్‌లో ‘ఆవిరి’, ‘మబ్బు’, ‘వాన’, ‘చెరువు’ అన్న మాటలు నింపడం కొద్ది నిమిషాల పని. ఆ పుట చూడముచ్చటగానూ తప్పులు లేకుండానూ ఉంటుంది. అదే ఖాళీ పుట ఇచ్చినప్పుడు, సూర్యుణ్ని ఎక్కడ పెట్టాలో, బాణం చెరువు నుంచి పైకి వెళ్లాలో మబ్బు నుంచి కిందికి రావాలో, వాన నీరు నేలలోకి కూడా ఇంకుతుందని చూపాలో అక్కర్లేదో పిల్లలే తేల్చుకోవలసి వస్తుంది. ఎవరైనా సూర్యుడికీ ఆవిరికీ సంబంధమే చూపకపోతే, అర్థం కానిది ఏమిటో అక్కడే బయటపడుతుంది. మొదటి పుటలో బాణాలు ముందే సరిగ్గా ఉన్నాయి గనుక ఆ లోపం కనబడదు. అంటే పిల్లల పొరపాటును దిద్దకుండానే టెంప్లేట్ దాన్ని దాచిపెడుతుంది.

అలాగని పూర్తిగా ఖాళీ పుట అందరికీ మంచిదని చెప్పలేం. ఎనిమిదేళ్ల వయసులో ఎంపికలు హద్దు దాటితే పని సాగదు. అందుకు మధ్యేమార్గం, ఉపాధ్యాయులే ఒక చిన్న చట్రం తయారు చేసి, కొన్ని నిబంధనలు పెట్టడం: రెండు రంగులు, ఒకే అక్షర రూపం, ఒక బొమ్మ, ముప్పై మాటలకు మించని వివరణ. హద్దులు తెలిసినప్పుడు పిల్లల చూపు అలంకారం మీంచి విషయం మీదికి మళ్లుతుంది. బహుళ మాధ్యమాలతో బోధనపై పరిశోధించిన అమెరికన్ మనోవైజ్ఞానికుడు రిచర్డ్ మేయర్ ప్రతిపాదించిన సూత్రాల్లో ఒకటి ఇక్కడ వర్తిస్తుంది: పాఠానికి సంబంధం లేని బొమ్మలూ శబ్దాలూ ఎంత ముచ్చటగా ఉన్నా, వాటిని తీసేసినప్పుడే నేర్చుకోవడం మెరుగవుతుంది.

చుక్కల ముగ్గులోని వ్యాకరణం

పుటను అమర్చడంలో నాలుగు మెలకువలుంటాయని రాబిన్ విలియమ్స్ అనే రచయిత్రి 1994లో, డిజైన్ వృత్తిలో లేనివారి కోసం రాసిన పుస్తకంలో సులువుగా వివరించారు. ముఖ్యమైనది మిగతావాటికంటే స్పష్టంగా వేరుగా కనబడటం వ్యత్యాసం. ప్రతి వస్తువూ కనబడని ఒక గీతకు ఒదిగి ఉండటం వరుస. ఒకే రంగు, ఒకే అక్షర రూపం మళ్లీ మళ్లీ రావడం పునరుక్తి. సంబంధమున్న వాటిని దగ్గరగా ఉంచడం సామీప్యం.

ఈ మాటలు బరువుగా వినిపించినా, వీటి రూపాలు తెలుగు పిల్లలకు ఎరుకైనవే. చుక్కల ముగ్గులో ముందుగా చుక్కలు బారులు తీరిన తర్వాతే గీత మొదలవుతుంది; డిజైన్ పరికరాల్లో గ్రిడ్ అని పిలిచే గళ్ల అమరిక చేసే పనీ అదే. శుభలేఖలో వధూవరుల పేర్లు పెద్దగా ఉండటం వ్యత్యాసం. ముహూర్తమూ వేదికా ఒకచోట ఉండి, బంధువుల పేర్లు వేరొకచోట ఉండటం సామీప్యం. ఇంటికి వచ్చిన శుభలేఖలనూ, ఆ రోజు దినపత్రిక మొదటి పుటనూ బల్ల మీద పరిచి, ఏది ముందుగా కంటబడింది, ఎందుకు అని అడిగి, ఆ తర్వాత తెర ముందుకు పంపితే, పిల్లలు పరికరాన్ని ఒక ఉద్దేశంతో వాడతారు.

చదవగలిగేలా ఉండటం కూడా ఈ చదువులో భాగమే. వెబ్ పుటలు అందరికీ అందుబాటులో ఉండాలని రూపొందిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, మామూలు పరిమాణంలోని అక్షరాలకూ వాటి వెనక ఉన్న రంగుకూ మధ్య వెలుగు వ్యత్యాసం కనీసం 4.5:1 ఉండాలంటాయి. పిల్లలకు ఈ అంకె అక్కర్లేదు; తెల్ల పుట మీద పసుపు అక్షరాలు రాసి, గది చివరి బెంచీ నుంచి చదవమంటే చాలు.

తెలుగు అక్షరానికి కావలసిన చోటు

ఈ పరికరాల్లోని నమూనాల్లో ఎక్కువభాగం ఇంగ్లీషు అక్షరాల కోసం గీసినవి కావడంతో, తెలుగులో పనిచేసే తరగతికి కొన్ని అదనపు సమస్యలు ఎదురవుతాయి. ఇంగ్లీషు శీర్షికలను తరచూ పెద్దబడి అక్షరాల్లో రాసి ప్రాముఖ్యం చూపుతారు. తెలుగులో ఆ భేదమే లేదు గనుక పరిమాణంతోనో మందంతోనో రంగుతోనో చూపాలి. తెలుగు అక్షరానికి పైన గుడులూ ఏత్వాలూ, కింద ఒత్తులూ ఉంటాయి గనుక పంక్తుల మధ్య ఎక్కువ ఎడం కావాలి. లేకపోతే పై పంక్తిలోని ఒత్తు కింది పంక్తిలోని గుడికి తగులుతుంది. పంక్తుల ఎడం పెంచే మీట ఎక్కడుందో పిల్లలకు ముందే చూపించడం అందుకే అవసరం.

అక్షర రూపాలకు, అంటే ఫాంట్లకు, తెలుగులో ఇప్పుడు కొరత లేదు. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒకే సంకేత పద్ధతిని కల్పించే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి కూర్పులోనే చోటు దక్కింది. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసిన పలు తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ అని వాటికి పెట్టిన పేర్లు కూడా అయిదో తరగతిలో ఒక చిన్న భాషా పాఠానికి వస్తువు కాగలవు.

ఘనంలో దాగిన గణితం

బొమ్మలు అంటించడానికి వీల్లేని చోట నిర్ణయాలన్నీ పిల్లల మీదే పడతాయనడానికి టింకర్‌క్యాడ్ మంచి ఉదాహరణ. కాయ్ బాక్‌మన్, మిక్కో మోనోనెన్ 2011లో ప్రారంభించిన ఈ ఉచిత పరికరాన్ని 2013లో ఆటోడెస్క్ సంస్థ తీసుకుంది. ఇందులో పెట్టె, స్తూపం, గోళం వంటి ఆకారాలను ఒక సమతలం మీద పేర్చి, కలిపి కొత్త వస్తువును రూపొందిస్తారు. ఏ ఆకారాన్నయినా ‘రంధ్రం’గా మార్చి మరో ఆకారంతో కలిపితే, మొదటిది రెండోదాన్ని తొలిచేస్తుంది; ఇంటి గోడకు తలుపు పెట్టాలంటే గోడలోంచి ఒక పెట్టెను తీసివేయాలన్నమాట.

సమతలం మీదికి లాగిన పెట్టె 20 మిల్లీమీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తులతో వస్తుంది. ఒక్కో కొలతను రెట్టింపు చేస్తే ఘనపరిమాణం ఎంతవుతుందని అడిగితే పిల్లలు సాధారణంగా రెట్టింపు అంటారు. 40 మిల్లీమీటర్ల పెట్టె పక్కన చిన్న పెట్టెలు పేర్చి చూసినప్పుడు ఎనిమిది పడతాయి. సూత్రం చెప్పకముందే కన్ను ఆ సంగతి పట్టేస్తుంది. వస్తువును పైనుంచీ, ముందునుంచీ, పక్కనుంచీ తిప్పి చూసే వీలు పటాలు చదవడానికి కావలసిన ఊహాశక్తికి తోడ్పడుతుంది. త్రీడీ ప్రింటర్ లేని బడిలో కూడా ఆ కొలతలతో అట్టముక్కలు కత్తిరించి, తెర మీది వస్తువును చేతిలోకి తెచ్చుకోవచ్చు.

చెరపకుండా దిద్దుకోవడం

కాగితం మీద తప్పు గీస్తే చెరపాలి, లేదా కొత్త షీటు తీసుకోవాలి. డ్రాయింగ్ షీటు ఖరీదు తెలిసిన పిల్లలు అందుకే దిద్దడానికి జంకుతారు. అమెరికన్ విద్యావేత్త రాన్ బెర్గర్ చూపించే ప్రసిద్ధ ఉదాహరణలో, ఐడహో రాష్ట్రంలోని బోయిసీ పట్టణంలో ఒకటో తరగతి విద్యార్థి ఒకరు, సీతాకోకచిలుక ఫొటో చూసి గీసిన బొమ్మను తోటిపిల్లల సూచనలతో మళ్లీ మళ్లీ గీసి, ఆరో ప్రయత్నానికి శాస్త్రగ్రంథంలో బొమ్మలా తీర్చిదిద్దారు. తోటివారు ముందు ఆకారం గురించీ, అది కుదిరాక రెక్కల మీది చారల గురించీ వేర్వేరుగా చెప్పడమే అందులోని కీలకం. ఆ పని జరిగింది కాగితం మీదే. అయితే డిజైన్ పరికరాల్లో ఒక్క నొక్కుతో పుటకు నకలు తీసుకునే వీలుంది గనుక, పాతదాన్ని చెరపకుండా పక్కనే కొత్తది చేసి, రెండింటినీ పోల్చడం ఖర్చు లేని అలవాటవుతుంది. చివరి పోస్టర్‌తోపాటు దాని ముందరి రెండు రూపాలనూ గోడ మీద పెట్టినప్పుడు, చూసేవారికి ఆలోచన నడిచిన దారి కూడా తెలుస్తుంది.

ఇందుకు ప్రతి విద్యార్థికీ ఒక కంప్యూటర్ అక్కర్లేదు. ఒకే తెర ఉన్న తరగతిలో నలుగురేసి జట్లుగా పలక మీదో కాగితం మీదో ముందు అమరిక గీసుకుని, ‘ఇది ఇక్కడే ఎందుకు’ అన్నదానికి జవాబు సిద్ధం చేసుకున్నాకే తెర దగ్గరికి రావాలన్న నియమం పెడితే, తెర ముందు గడిపే కాలం తగ్గి, దాని ఫలం పెరుగుతుంది. పిల్లలు చేత్తో గీసిన బొమ్మనే ఫొటో తీసి పుటలో చేర్చవచ్చు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకైతే మట్టీ రంగులూ కత్తెరా ఇప్పటికీ మెరుగైన పరికరాలే.

ఉచితం వెనక షరతులు

ఉచితమన్న మాటకు ఇక్కడ రెండు మూడు అర్థాలున్నాయి. కొన్ని సంస్థలు మామూలు సదుపాయాలను ఊరికే ఇచ్చి, మిగతావాటికి డబ్బు తీసుకుంటాయి. పిల్లలు ముచ్చటపడి ఎంచుకున్న బొమ్మ డబ్బు కట్టవలసినదని చివర్లో తేలడం వల్ల పని ఆగిపోతుంది. విద్యారంగానికి ప్రత్యేకించిన ఖాతాను ఉపాధ్యాయులు ముందే తీసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

డబ్బుకంటే ముఖ్యమైనది పిల్లల వ్యక్తిగత సమాచారం. అమెరికాలో 1998 నాటి చట్టం, 13 ఏళ్లలోపు పిల్లల సమాచారాన్ని తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఆన్‌లైన్‌లో సేకరించరాదంటుంది. భారతదేశం 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, తల్లిదండ్రుల సమ్మతిని కోరడంతోపాటు, పిల్లలను గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని నిషేధించింది. అందుచేత పిల్లల పేరుతో ఈమెయిల్ ఖాతాలు తెరిపించడం కన్నా, టింకర్‌క్యాడ్‌లో ఉన్నట్టు ఉపాధ్యాయులు ఇచ్చిన తరగతి సంకేతంతోనూ మారుపేరుతోనూ చేరే ఏర్పాటు క్షేమకరం. పోస్టర్‌లో పిల్లల ఫొటో, పూర్తి పేరు, బడి పేరు మూడూ కలిసి రాకుండా చూడటం మరో జాగ్రత్త.

బొమ్మల హక్కులు కూడా ఈ వయసులోనే పరిచయం చేయదగినవి. ఇంటర్నెట్‌లో కనబడిన బొమ్మల్లో చాలావాటికి యజమానులుంటారు. ఏ షరతుల మీద ఇతరులు వాడుకోవచ్చో చెబుతూ కర్తలు తమ పనిని విడుదల చేసే పద్ధతికి క్రియేటివ్ కామన్స్ అని పేరు. పుట అడుగున ‘బొమ్మ ఎవరిది’ అని ఒక పంక్తి రాయించడంతో ఆ పాఠం మొదలవుతుంది.

మార్కులు వేసే తీరులోనే చివరికి పిల్లలకు అసలు సందేశం అందుతుంది. మెరుపుకు మార్కులు పడతాయని తెలిస్తే వాళ్లు మెరిసే టెంప్లేట్ వెతుకుతారు. ‘ముందు ఏది చదవాలని ఇలా పెట్టావు, ఏది తీసేశావు, మొదటిదానికీ రెండోదానికీ ఏం మార్చావు’ అని అడిగి, ఆ జవాబులకు మార్కులు వేస్తే, వంకరగా వచ్చిన బాణం దగ్గర కూడా ఆగి, అది పైకి ఎందుకు వెళుతోందో చెప్పగలుగుతారు. నీటి చక్రం పోస్టర్ తరగతి గదిలోకి వచ్చింది ఆ బాణం కోసమే.