డెల్కో తీసి ఆయిల్ పంపు తిప్పడం: ఒక వృత్తి ప్రక్రియ, దాని పరిభాష

వ్యాససంగ్రహం: విప్పి బిగించిన పెట్రోలు ఇంజనును తొలిసారి నడపడానికి ముందు, డిస్ట్రిబ్యూటరును తీసి ఆ రంధ్రం గుండా ఆయిల్ పంపును తిప్పే పద్ధతి ఒకటుంది. దాని యాంత్రిక కారణాన్ని, అది వర్తించే ఇంజన్లను, విజయవాడ ప్రాంతపు పనివారి మాటలో దాని పరిభాషను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వృత్తి పదజాలం, డెల్కో, ఆయిల్ పంపు, కందెన, ఆటోనగర్, కృష్ణా డెల్టా.

ఉపోద్ఘాతం

వృత్తిపదాల సేకరణలో తెలుగుకు గర్వించదగిన చరిత్ర ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశంలో మొదటి సంపుటం (1962) వ్యవసాయానికీ, రెండవది (1971) చేనేతకూ సంబంధించినవి. నాగలినీ మగ్గాన్నీ చూసిన చూపుతోనే ఇంజనునూ చూడవలసి ఉంది. లారీల మరమ్మతుకూ బాడీ కట్టడానికీ పేరుపొందిన విజయవాడ జవహర్ ఆటోనగర్ అందుకు తగిన క్షేత్రం. అయితే పని తెలియకుండా పదానికి అర్థం రాయడం సాధ్యం కాదు. ‘డెల్కో’కు ‘డిస్ట్రిబ్యూటర్’ అని ఎదురుగా రాస్తే ఒక పరాయి మాటకు మరో పరాయి మాట ఇచ్చినట్టవుతుంది, అంతే.

డెల్కో మొదట వస్తువు పేరు కాదు. అమెరికాలోని డేటన్ నగరంలో ఛార్లెస్ కెటరింగ్ తదితరులు 1909లో స్థాపించిన సంస్థ పేరులోని తొలి అక్షరాల కూర్పు అది. ఆ సంస్థ తరువాత జనరల్ మోటార్స్‌లో కలిసింది. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో వాహనాల కూర్పు ప్రారంభించింది. సంస్థ పేరు భాగానికి పేరైంది. వనస్పతికి ‘డాల్డా’ అన్నట్టే ఇదీ.

పని వెనుక కారణం

ఇంజనులో క్రాంకు షాఫ్టు బేరింగు లోహాన్ని తాకుతూ తిరగదు. రెంటి మధ్య ఒత్తిడితో వచ్చి చేరే నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. పూర్తిగా విప్పి బిగించిన ఇంజనులో నాళాలూ, ఫిల్టరూ, పంపూ ఖాళీగా ఉంటాయి. పంపులోని పళ్లచక్రాలు పొడిగా ఉంటే సందుల గుండా గాలి వెనక్కు జారిపోతుంది, కింది చాంబరులోని నూనె పైకి రాదు. ఈ సంగతి డెల్టా రైతుకు కొత్త కాదు. కాలువ గట్టున మోటారు పెట్టుకున్నవాడు ముందుగా పంపులో నీళ్లు పోసి గాలి వెళ్లగొట్టిన తరువాతే స్విచ్చి వేస్తాడు.

సెల్ఫ్ కొట్టి తిప్పితే చాలదా అన్న ప్రశ్న వస్తుంది. చాలా ఇంజన్ల విషయంలో చేసేది అదే. కానీ ఈ తరహా ఇంజన్లలో డిస్ట్రిబ్యూటరూ, దానితోపాటు పంపూ, క్రాంకు షాఫ్టు వేగంలో సగం వేగంతోనే తిరుగుతాయి. సెల్ఫ్ ఇచ్చే కొద్దిపాటి వేగంలో సగమంటే నూనె చేరడానికి సమయం పడుతుంది. ఆ సమయమంతా బేరింగులూ, స్ప్రింగుల ఒత్తిడి మోస్తున్న కామ్ షాఫ్టు మిట్టలూ బిగించేటప్పుడు పూసిన పూతతోనే రాసుకుంటుంటాయి. డెల్కో రంధ్రం నుంచి తిప్పితే పంపు ఒక్కటే తిరుగుతుంది, ఇంజను నిశ్చలంగా ఉంటుంది. ఈ పద్ధతి విలువ అంతా ఇక్కడే ఉంది.

షెవర్లే వి-8 ఇంజను దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అందులో కామ్ షాఫ్టుతో కలిసే పళ్లచక్రం డిస్ట్రిబ్యూటరు అడుగున ఉంటుంది. పంపుకు వెళ్లే కడ్డీ దాని కిందనే తగులుకొని ఉంటుంది. రోటరు ఎటు చూస్తున్నదో గుర్తు పెట్టుకొని డిస్ట్రిబ్యూటరును పైకి లాగితే పళ్లచక్రమూ దానితో వచ్చేస్తుంది, కడ్డీకి బంధం తెగుతుంది. ఆ కడ్డీకి అమరే పొడవాటి పరికరాన్ని డ్రిల్లుకు బిగించి, పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిప్పాలి. మామూలు కడ్డీ చాలదు. ఈ ఇంజనులో ఒక నూనె నాళం డిస్ట్రిబ్యూటరు ఒరను చుట్టుకొని పోతుంది కనుక, ఆ ఖాళీని మూసే గుండ్రటి తొడుగు పరికరానికి ఉండాలి. లేకుంటే ఒత్తిడి అక్కడే జారిపోతుంది. నూనె అందగానే అప్పటిదాకా తేలికగా తిరిగిన డ్రిల్లు బరువెక్కుతుంది, మోత మారుతుంది, గేజీ ముల్లు లేస్తుంది. మధ్యమధ్య క్రాంకును చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ, పైన రాకర్ల దగ్గర నూనె కనిపించేదాకా కొనసాగించాలి. డ్రిల్లు ఎదురు దిశలో తిరిగితే ఎంతసేపు తిప్పినా ఒత్తిడి పుట్టదు. ఫోర్డు వి-8లో డిస్ట్రిబ్యూటరు అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి అక్కడ దిశ మారుతుంది.

మన రోడ్ల మీది బండ్లకు ఇది అలాగే వర్తించదు. బ్రిటిష్ బి.ఎం.సి. రూపకల్పన ఆధారంగా చేసిన 1489 సి.సి. అంబాసిడర్ ఇంజనులో పంపుకూ డిస్ట్రిబ్యూటరుకూ కామ్ షాఫ్టు నుంచి వేర్వేరు ఇరుసులున్నాయి. డెల్కో తీసినా పంపు అందదు. పాత విల్లీస్ జీపులో కామ్‌తో కలిసే పళ్లచక్రం పంపుదే, డెల్కోను తిప్పేది పంపు ఇరుసే. ఇక లారీ డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పనే లేదు కనుక డెల్కో ఉండదు.

‘పట్టు’ ధాతువు విస్తృతి

బండి ఇరుసుకు ఆముదంలో మసి కలిపి పూసిన ‘కందెన’ నేడు పాఠ్యపుస్తకాలలో కందెన తైలమై నిలిచింది. షెడ్డులో మాత్రం ‘ఆయిల్’ దాని స్థానాన్ని ఆక్రమించింది. నామవాచకాలు ఇలా పరాయివైనా క్రియలు తెలుగువే. పంపుకు గాలి ‘పడుతుంది’, ఇనుముకు తుప్పు ‘పడుతుంది’, నూనె అందని ఇంజను ‘పట్టేస్తుంది’. మొదటి రెండింటిలో ఒకటి వచ్చి మరొకదానికి అంటుకుంటుంది. మూడవదానిలో బయటినుంచి వచ్చేదేమీ లేదు, కదలిక ఆగిపోవడమే అర్థం. ‘వేయు’ అనుబంధం చేరి ఆ స్థితి తిరిగిరానిదని సూచిస్తున్నది. చేర్పు పదాల పట్టిక మాత్రమే సేకరించే పరిశోధకుడికి ఈ భేదం కనబడదు. నా దృష్టిలో వృత్తి పదకోశంలో డెల్కోకు ఒక పంక్తి చాలు, ‘పట్టు’కు మాత్రం పుట కావాలి.

నేటి కార్లలో ఒక్కొక్క ప్లగ్గు మీద ఒక్కొక్క కాయిలు కూర్చుంటున్నది. చాలావాటిలో ఆయిల్ పంపు క్రాంకు షాఫ్టు ముందుకొననే ఉంటుంది. వాటికి ప్లగ్గులు విప్పి, ఇంధనం రాకుండా ఆపి, సెల్ఫ్ కొట్టడమే మార్గం. తీయడానికి డెల్కో లేదు. గాలి పట్టడం, పట్టేయడం మాత్రం అలాగే ఉన్నాయి.