పోతు పందికి ఈతల పరీక్ష

పంది ఈనితే పిల్లలను లెక్కపెట్టుకోవచ్చు. కానీ పోతును కొనేటప్పుడు దాని కూతుళ్లు ఎన్నేసి ఈనుతాయో ఏం చూసి చెప్పాలి? పోతు ఈనదు కదా!

రక్తపు చుక్కతో దీన్ని కొంత పసిగట్టవచ్చని 1996లో అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీకి చెందిన మాక్స్ రాత్‌చైల్డ్ బృందం వెల్లడించింది. చైనాలోని మీషాన్ పందులు ముడతల మొహంతో, వేలాడే చెవులతో చూడ్డానికి ఏమంత బాగుండవు. కొవ్వూ ఎక్కువే. అయినా తెల్ల సీమపందుల కంటే ఈతకు మూడు నుంచి అయిదు పిల్లలు ఎక్కువ పెడతాయి. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను పనిచేయడానికి అవసరమైన ఒక జన్యువులో ఉన్న తేడాకూ దీనికీ సంబంధం ఉందని ఆ బృందం గుర్తించింది. సగం మీషాన్ రక్తమున్న సంకర పందుల్లో ఆ మేలు రకం జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చినవి, అసలు రానివాటి కంటే ఈతకు సగటున ఒకటిన్నర పిల్ల ఎక్కువ ఈనాయి.

ఇది విని ఎక్కువ ధర పెట్టి పోతును కొనాలనుకుంటే తొందరపాటే. 1997లో లార్జ్ వైట్ సంతతులను పరీక్షిస్తే, జన్యువు ఇరువైపులా వచ్చినా మొదటి ఈతలో లాభం ఒక పిల్లకు లోపే. మరికొన్ని మందల్లో తేడాయే కనిపించలేదు.

పిల్లల సంఖ్యలో కనిపించే తేడాలో వారసత్వం వాటా సుమారు పదో వంతే. మిగిలినదంతా మేత, ఎండ, రోగాలు, ఎదలో పోతును కలిపే వేళ మీద ఆధారపడి ఉంటుంది. తల్లి కింద నలిగి చచ్చే పిల్లలను ఏ జన్యువూ కాపాడదు.

పోతును అమ్మే వారిని దాని తల్లి ఈతల పుస్తకం అడగాలి. ఎన్ని పుట్టాయన్నదే కాక, పాలు మాన్పేనాటికి ఎన్ని మిగిలాయో చూడాలి. పోతుకైనా సరే, చనుమొనలు లెక్కపెట్టాలి. పన్నెండుకు తగ్గితే ఆ బేరం వదులుకోవడం మంచిది.